రామనగరం – దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

రామనగరం 1921 ఏప్రిల్ చివరి నుంచి 1922 తొలి నెలల దాకా, సుమారు 11 నెలల పాటు, నాటి గుంటూరు జిల్లాలో చీరాల–పేరాల పురపాలక సంఘం హద్దుల వెలుపల ఆ ఊళ్ల ప్రజలు పాకలు వేసుకొని, తమ పంచాయతీని తామే ఏర్పరచుకొని నివసించిన తాత్కాలిక నగరం. దీనికి స్థాపకుడు, నాయకుడు 'ఆంధ్రరత్న' బిరుదాంకితుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఈ ఘటన 'చీరాల–పేరాల సత్యాగ్రహం' అన్న పేరుతో, పన్నుల నిరాకరణ ఉద్యమంగా ప్రసిద్ధమైంది. అయితే ప్రభుత్వంతో సంబంధం తెంచుకొన్న వేలాది మంది ఒకచోట చేరి, తగాదాల పరిష్కారం నుంచి రాత్రి కాపలా దాకా అన్నీ తమ చేతుల్లోకి తీసుకొని ఒక ఊరిని నడిపారు గనుక, పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికాల్లో వెలసిన ఆదర్శ వసతుల సరసన పెట్టి చూడదగిన తెలుగునాటి ఉదాహరణ ఇది. ఆ పోలికకు ఆధారం పైపై సాదృశ్యం మాత్రమే కాదు. రామనగరం వెనుక ఉన్న ఇద్దరు వ్యక్తుల, అంటే గోపాలకృష్ణయ్య, మహాత్మాగాంధీల, ఆలోచనా మూలాలను వెదికితే రెండు దారులూ ఇంగ్లండులోని ఒకే వర్గం రచయితల వద్దకు చేరుతాయి.

ఊహాజనిత సోషలిజం, ఆదర్శ వసతులు

థామస్ మోర్ 1516లో ప్రచురించిన 'యుటోపియా' గ్రంథంలో సొంత ఆస్తి లేని ఒక ద్వీపాన్ని వర్ణించాడు. ఎక్కడా లేని ఆదర్శ రాజ్యానికి ఆ పేరే స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో, యంత్ర పరిశ్రమల వల్ల కలిగిన దుర్భర పరిస్థితులను చూసి, పోటీకి బదులు సహకారం పునాదిగా చిన్న చిన్న సమాజాలను కొత్తగా నిర్మించి చూపితే లోకమంతా వాటిని అనుసరిస్తుందని నమ్మిన రాబర్ట్ ఓవెన్, షార్ల్ ఫూరియే, ఎతియెన్ కాబే వంటి వారి సిద్ధాంతాలకు ఊహాజనిత సోషలిజం అని పేరు వచ్చింది. ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1880లో వెలువరించిన పుస్తకంలో ఈ సోషలిజానికీ తాను శాస్త్రీయమని భావించిన సోషలిజానికీ భేదం చెబుతూ, వర్గపోరాటం ఊసెత్తకుండా ధనికులతో సహా అందరి వివేకానికీ విజ్ఞప్తి చేయడమే వీరి బలహీనత అని విమర్శించాడు.

వీరిలో ఓవెన్ ప్రయోగాలు ఎక్కువ ప్రసిద్ధం. వేల్స్‌లోని న్యూటౌన్‌లో 1771లో పుట్టిన ఓవెన్, 1800 నుంచి స్కాట్లండులోని న్యూలానార్క్ నూలు మిల్లులను నడిపి, కూలీల పిల్లలకు బడి, తక్కువ ధరలకు సరుకులమ్మే దుకాణం, మెరుగైన ఇళ్లు ఏర్పరచి, లాభాలు తగ్గకుండానే కూలీల బతుకు బాగుచేయవచ్చని నిరూపించాడు. ఆ విజయంతో 1825లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, జార్జ్ రాప్ అనే మతగురువు అనుచరులు కట్టుకొన్న ఊరిని కొని న్యూహార్మనీ అన్న వసతిని ఆరంభించాడు. అక్కడికి పండితులు, ఆదర్శవాదులు, పనిలేనివారు కలగలుపుగా వచ్చారు. రాజ్యాంగాల మీద రాజ్యాంగాలు రాసుకొన్నారు. పొలం దున్నేవారు, కుండలు చేసేవారు మాత్రం చాలినంత మంది లేకపోయారు. 1827 నాటికి ఆ ప్రయోగం ముగిసింది, ఓవెన్ ఆస్తిలో అత్యధిక భాగం దానితోనే కరిగిపోయింది.

ఈ ధోరణి ఇంగ్లండులో కొంతకాలానికి మరో రూపు దాల్చింది. జాన్ రస్కిన్, విలియం మోరిస్ యంత్రాన్నీ లాభాపేక్షనూ ఒకే రోగానికి రెండు లక్షణాలుగా చూసి, చేతివృత్తిలోని ఆనందమూ అందమూ శ్రామికుడికి తిరిగి దక్కినప్పుడే సమాజం బాగుపడుతుందని వాదించారు. మోరిస్ సోషలిస్టు కూడా. ఆయన 1890లో రాసిన 'న్యూస్ ఫ్రమ్ నోవేర్' నవలలో భావి ఇంగ్లండు పెద్ద ఫ్యాక్టరీలూ డబ్బూ లేని గ్రామాల దేశంగా కనిపిస్తుంది. వీరి ప్రభావంతో సి.ఆర్. ఆష్బీ అనే వాస్తుశిల్పి 1888లో లండన్‌లో ఒక చేతివృత్తుల సంఘాన్ని స్థాపించి, 1902లో ఆ వృత్తికారులను, వారి కుటుంబాలను చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే పల్లెటూరికి తరలించాడు. బజారులో యంత్రపు సరుకుతో పోటీపడలేక ఆ సంఘం కొద్ది ఏళ్లలోనే మూతపడింది. తెలుగు పాఠకుడికి దూరపు సంగతిగా తోచే ఈ చిన్న వసతి రామనగర కథలో ఎందుకు చేరుతుందో గోపాలకృష్ణయ్య జీవితం చెబుతుంది.

స్థాపకుడు

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించాడు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి, మూడేళ్ల వయసులో తండ్రి పోగా, బంధువుల పెంపకంలో పెరిగి, చదువులో తరచూ వెనుకబడి, కొంతకాలం బాపట్లలో చిన్న ప్రభుత్వోద్యోగం చేశాడు. మిత్రుడు నడింపల్లి నరసింహారావు తోడుగా 1911లో స్కాట్లండు వెళ్లి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందాడు. ఓవెన్ మిల్లులు నడిపిన న్యూలానార్క్ ఆ నగరానికి దూరమేమీ కాదు. కానీ గోపాలకృష్ణయ్యను ఆకర్షించిన గురువు ఆనందకుమారస్వామి.

సింహళ తమిళుడైన తండ్రికీ ఆంగ్లేయురాలైన తల్లికీ జన్మించి, భూగర్భశాస్త్రం నుంచి కళాచరిత్రకు మళ్లిన కుమారస్వామి, ఆష్బీ సంఘం మకాం వేసిన క్యాంప్‌డెన్ పక్కనే ఒక పాత ప్రార్థనాలయాన్ని ఇల్లుగా మార్చుకొని నివసించాడు. మోరిస్ ముద్రణశాలకు చెందిన యంత్రం మీదనే తన సింహళ కళాగ్రంథాన్ని 1908లో అచ్చువేయించాడు. మరుసటి ఏడాది వెలువడిన 'ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్' పుస్తకానికి ముందుమాట రాసినవాడు ఆష్బీయే. ఇంగ్లండులో కాగితాల మీదా, కొద్దిమంది వృత్తికారుల మధ్యా మాత్రమే మిగిలిన ఆదర్శం భారతదేశపు పల్లెల్లో కులవృత్తుల రూపంలో ఇంకా సజీవంగా ఉందన్నది ఆ పుస్తకపు సారాంశం. అందులో నిజమెంత, పల్లె జీవితంలోని అణచివేతను చూడనిరాకరించిన ముచ్చట ఎంత అన్నది వేరే చర్చ. గోపాలకృష్ణయ్య కుమారస్వామికి సహకారిగా నందికేశ్వరుని 'అభినయదర్పణం' ఆంగ్లానువాదంలో పాలుపంచుకొన్నాడు. 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్' అన్న పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ఆ గ్రంథం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రామనగరాన్ని కట్టించిన నాయకుడి తొలి గ్రంథం ఆర్థికశాస్త్రం మీద కాక నాట్యముద్రల మీద కావడం ఆయన ప్రకృతిని చక్కగా పట్టిస్తుంది.

స్వదేశానికి తిరిగి వచ్చి రాజమండ్రిలో కొంతకాలం, మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం అధ్యాపకత్వం నెరపిన గోపాలకృష్ణయ్య ఎక్కడా ఇమడలేదు. చీరాలకు మకాం మార్చి 'ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి'ని నెలకొల్పాడు. సంస్కృతం, తెలుగు సాహిత్యం, తోలుబొమ్మలాట వంటి జానపద కళలు, దేశీయ విద్య మొదలైన వాటిని ఉద్ధరించడం గోష్ఠి ఆశయం. చమత్కారం, ఆశుపద్యం, హరికథకుడి వాగ్ధాటి కలగలిసిన ఆయన ఉపన్యాసాలకు జనం తండోపతండాలుగా వచ్చేవారు. స్వచ్ఛంద సేవకులను కూడగట్టి 'రామదండు' అన్న దళాన్ని ఏర్పరచి, వారికి కాషాయ వస్త్రాలు, రుద్రాక్షమాలలు వేషంగా నిర్ణయించాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశంలో జనసందోహాన్ని అదుపులో ఉంచి ఈ దళం దేశనాయకుల మెప్పు పొందింది.

యూనియన్ నుంచి పురపాలక సంఘం దాకా

చీరాల, పేరాల సముద్రతీరానికి దగ్గరలో, మద్రాసు–విజయవాడ రైలుమార్గం మీద ఉన్న జంట ఊళ్లు. జనాభాలో నేతపనివారిది పెద్ద వాటా; నూనెలో నానబెట్టిన నూలుతో ఇక్కడ నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా ఎగుమతి అయ్యేవి. నాటి స్థానిక పరిపాలన చట్టాల ప్రకారం పెద్ద గ్రామాలను కలిపి, ఇంటిపన్ను వసూలు చేసుకొంటూ పారిశుధ్యం, దీపాల వంటి పనులు చూసుకొనేందుకు ఏర్పరచే సంఘాన్ని 'యూనియన్' అనేవారు. అటువంటి చీరాల యూనియన్‌కు ఏటా వచ్చే ఆదాయం సుమారు 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం 1919లో ఈ యూనియన్‌ను పురపాలక సంఘంగా మార్చడంతో పన్నుల భారం ఒక్కసారిగా పలు రెట్లు పెరిగి 30,000 రూపాయలు దాటింది. పన్ను పెరిగినంతగా సౌకర్యాలు పెరగవని, నేతగాడి రాబడితో ఆ భారం మోయలేమని ప్రజలు అర్జీలు పెట్టుకొన్నా ఫలితం లేకపోయింది.

ఇక్కడ ఒక విరోధాభాసం గమనించదగినది. 1919 నాటి మాంటెగూ–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడి, కొన్ని శాఖలు ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. మద్రాసులో 1920 చివర అధికారం చేపట్టిన జస్టిస్ పార్టీ మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానగల్లు రాజా రామరాయణింగారిది. పురపాలక సంఘాలను పెంచడం ప్రభుత్వం దృష్టిలో ప్రజలకు స్వపరిపాలన నేర్పే అభ్యుదయ చర్య. చీరాల ప్రజల దృష్టిలో అది అడగని వరం, దాని ఖరీదు మాత్రం తమ నెత్తిన. 'స్థానిక స్వపరిపాలన' అన్న పేరుగల శాఖను ధిక్కరించి తమ స్వపరిపాలనను తామే పాకల్లో కట్టుకోవడానికి ఒక ఊరు సిద్ధపడిందంటే, ఆ సంస్కరణలు పల్లెల దాకా ఎలా దిగాయో ఊహించుకోవచ్చు.

ప్రజలు పన్ను కట్టడం మానారు, ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు, ప్రభుత్వం జీతం మీద అధికారిని అధ్యక్షుడిగా నియమించి వసూళ్లకు దిగింది. పన్ను చెల్లించని పలువురికి జైలుశిక్షలు పడ్డాయి. వారిలో ఒకరైన రావూరి అలమేలుమంగమ్మ రాజకీయ కారణాలతో జైలుకు వెళ్లిన తొలి మహిళల్లో ఒకరిగా చరిత్రకెక్కింది.

వలస

విజయవాడ సమావేశం ముగించుకొని గాంధీ 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చాడు. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా రెండేళ్ల క్రితం సత్యాగ్రహం ఆరంభమైన రోజు గనుక అది జాతీయ వారోత్సవానికి మొదటి దినం కూడా. ఆయన ప్రజల ముందు రెండు మార్గాలు ఉంచాడు. మొదటిది, ఏ శిక్ష పడినా సహించి అహింసాయుతంగా పన్ను నిరాకరణ కొనసాగించడం. రెండోది, ఊరినే ఖాళీ చేసి పురపాలక హద్దులు దాటి వెళ్లిపోవడం. మనుషులే లేని ఊరిపై పురపాలక సంఘం దానంతట అదే నిరర్థకమైపోతుంది. దుష్టపాలన ఉన్నచోటును విడిచిపెట్టే ఈ పద్ధతికి ఆయన రచనల్లో 'దేశత్యాగం', 'హిజ్రత్' అన్న మాటలు కనిపిస్తాయి. 1930లో గుజరాతులోని బార్డోలీ రైతులు బరోడా సంస్థానంలోకి తరలిపోవడం ఇదే పద్ధతికి అనంతర ఉదాహరణ. అయితే కాంగ్రెసు నుంచి ధనసహాయాన్ని ఆశించవద్దని, సొంత బలం మీద నమ్మకముంటేనే పూనుకోవాలని ఆయన హెచ్చరించాడు. గోపాలకృష్ణయ్య రెండో మార్గాన్నే ఎంచుకొన్నాడు.

ఇద్దరి ఎంపికలోనూ పాత అనుభవాలున్నాయి. రస్కిన్ రచించిన 'అన్‌టు దిస్ లాస్ట్' పుస్తకాన్ని 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తూ రైలులో చదివిన గాంధీ, ఆ ఏడాదే డర్బన్ సమీపంలో ఫీనిక్స్ వసతిని నెలకొల్పాడు. జైలుకు వెళ్లే సత్యాగ్రహుల కుటుంబాలను ఒకచోట ఉంచి పోషించేందుకు 1910లో మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాలలో టాల్‌స్టాయ్ క్షేత్రాన్ని నడిపాడు. ప్రతిఘటనకు కేంద్రంగా ఒక ఆదర్శ వసతి ఉండాలన్న ఆలోచన ఆయనకు అలా అబ్బింది. రస్కిన్ నుంచి గాంధీకి, రస్కిన్–మోరిస్‌ల నుంచి ఆష్బీ, కుమారస్వాముల మీదుగా గోపాలకృష్ణయ్యకు వచ్చిన రెండు పాయలు చీరాలలో కలిశాయి. గాంధీ పాయలో శ్రమ, నిరాడంబరత ముఖ్యం; గోపాలకృష్ణయ్య పాయలో కళ, వేషం, ఉత్సవం ముఖ్యం. రామనగరానికి నిరాడంబరత విధిగా వచ్చింది, ఉత్సవం మాత్రం నాయకుడు తెచ్చినదే.

ఏప్రిల్ చివర వలస మొదలైంది. సుమారు 15,000 మంది జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు విడిచి బయటికి వచ్చారు. ఆష్బీ తన వెంట తీసుకువెళ్లినది కొద్దిపాటి కుటుంబాలను. న్యూహార్మనీలో చేరినది వెయ్యిమందికి లోపే. ఎవరూ ఏరి కూర్చకుండా, ధనిక బీద, పై కులం కింది కులం తేడా లేకుండా ఒక పట్టణం పట్టణంగా లేచి వచ్చిన దాఖలా ఆదర్శ వసతుల చరిత్రలో అరుదు.

రామనగర జీవితం

కొత్త నివాసానికి రామనగరం అని పేరు పెట్టారు. ఆ పేరులో రామరాజ్యమన్న ఆదర్శమూ, రామదండు అన్న సేవాదళమూ రెండూ ఇమిడాయి. ఎండలు ముదిరే కాలంలో, కోస్తా ఇసుకనేలల మీద, వెదుళ్లు, తాటాకులతో పాకలు లేచాయి. నేతపనివారికి ఇల్లు మారడమంటే మూటాముల్లె సర్దుకోవడంతో తీరే పని కాదు. గుంటమగ్గంలో నేతగాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి పావళ్లు తొక్కుతూ నేస్తాడు. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి ఇంటి ముందు పొడవైన చదును స్థలం కావాలి, నూలుకు తడి తగలని చూరు కావాలి. ఇసుకనేలలో తవ్విన గుంట అంచులు నిలవవు, వానకు తాటాకు కప్పు ఆగదు. ఇంటిలో మగ్గం ఆగిన రోజున పొయ్యి కూడా ఆగే కుటుంబాలు వేసవి, వానకాలం రెండూ ఆ పాకల్లో గడపడమే రామనగరం సాధించిన అసలు ఘనత. ఉపన్యాసాల వర్ణనల్లో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

పరిపాలనకు వివిధ కులాల ప్రతినిధులతో పంచాయతీ ఏర్పడింది. తగాదాలు కోర్టులకు వెళ్లకుండా ఇక్కడే తీరేవి. ఇది అప్పుడు దేశమంతటా సాగుతున్న సహాయ నిరాకరణ ఉద్యమ కార్యక్రమంలోని న్యాయస్థానాల బహిష్కారానికి ఆచరణ రూపం. రామదండు సభ్యులు కాపలా, పారిశుధ్యం, రోగుల సేవ, వార్తల చేరవేత చూసుకొన్నారు. భజనలు, పురాణ కాలక్షేపం, గోపాలకృష్ణయ్య ఉపన్యాసాలు నిత్యకృత్యం. కష్టాన్ని పండుగలా అనుభవించేలా చేయగల నేర్పు ఆయనది, ఆయన లేనప్పుడు ఆ కష్టం కష్టంగానే కనిపించిందన్నది తరువాతి పరిణామాలు చూస్తే తెలుస్తుంది.

సోషలిస్టు వసతుల లక్షణమైన ఉమ్మడి ఆస్తి రామనగరంలో లేదు. ఎవరి మగ్గం వారిదే, ఎవరి వ్యాపారం వారిదే. ఉన్నవారు లేనివారిని ఆదుకోవడం ధర్మంగా సాగింది తప్ప నియమంగా రాసుకోలేదు. ఓవెన్ దృష్టిలో మనిషి స్వభావం పరిసరాల సృష్టి, కొత్త పరిసరాలు కల్పిస్తే కొత్త మనిషి పుడతాడు. గోపాలకృష్ణయ్యకు కొత్త మనిషితో పనిలేదు. ఉన్న మనిషిలోనే పాత ధర్మాన్ని మేల్కొలిపితే చాలునన్నది ఆయన నమ్మకం. అందుకే ప్రాతినిధ్యం కూడా కులాల వారీగానే సాగింది. కులాన్ని వృత్తిధర్మంగా చూసి సమర్థించిన కుమారస్వామి ప్రభావం ఇందులో స్పష్టం. అన్ని కులాల వారిని ఒకే పంచాయతీలో కూర్చోబెట్టడం 1921లో చిన్న విషయం కాకపోయినా, కులపు చట్రాన్ని ముట్టుకోకపోవడం రామనగర ఆదర్శానికి ఉన్న హద్దు.

విచ్ఛిన్నం

రామనగరానికి ప్రధాన శత్రువు డబ్బులేమి. పాకల మరమ్మతు, పేదల పోషణ, ఆగిన వ్యాపారాలు అన్నిటికీ నిధులు కావలసి వచ్చాయి. వాటి సేకరణకు, ఉద్యమ ప్రచారానికి తిరుగుతూ బరంపురం వెళ్లిన గోపాలకృష్ణయ్య ఉపన్యాసాలు ఇవ్వరాదన్న నిషేధాజ్ఞను ఉల్లంఘించి 1921 శరత్కాలంలో అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్లాడు. ఉద్యమంలోని ఇతర ముఖ్యులు కూడా ఒక్కొక్కరే జైళ్ల పాలయ్యారు. కోస్తాలో అది తుఫానుల కాలం. నడిపించే నాయకుడు లేక, నిధులు లేక, కొంతమంది ఊరికి తిరిగి చేరడం మొదలుపెట్టారు.

అదే సమయంలో దేశ పరిస్థితి మారింది. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన భూమిశిస్తు నిరాకరణ ఉధృతంగా సాగుతుండగా, 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జరిగిన హింసతో కలత చెందిన గాంధీ కొద్ది రోజులకే బార్డోలీలో సామూహిక శాసనోల్లంఘనాన్ని నిలిపివేయించాడు. మార్చి 10న ఆయనా అరెస్టయ్యాడు. వెలుపలి ఉద్యమం ఆగిపోయాక చీరాల ఒక్కటే ఒంటరిగా నిలవగల అవకాశం లేకపోయింది. రామనగరం పాకలు విప్పుకొని జనం పాత ఇళ్లకు మళ్లారు, పన్నులు చెల్లించారు.

జైలు నుంచి విడుదలైన గోపాలకృష్ణయ్య కాంగ్రెసులో, గోష్ఠి పనుల్లో కొనసాగినా ఆరోగ్యం చెడి క్షయవ్యాధితో 1928 జూన్ 10న, 39 ఏళ్ల వయసులో మరణించాడు. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఆయన బిరుదు మీదుగానే ఆంధ్రరత్న భవన్ అని పేరు.

తెలుగునాట ఇతర ప్రయత్నాలు

చీరాల సభ మరునాడే, 1921 ఏప్రిల్ 7న, గాంధీ నెల్లూరు సమీపాన పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీనికి స్థాపకులు. దక్షిణాఫ్రికాలో గాంధీకి సహచరుడైన పార్సీ రుస్తుంజీ ఇచ్చిన 10,000 రూపాయల విరాళంతో ఆశ్రమ భవనం లేచింది. ఖద్దరు, హరిజన సేవ, నియమబద్ధ జీవనం దాని పద్ధతులు. తూర్పుగోదావరి సీతానగరంలో డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం నెలకొల్పిన గౌతమీ సత్యాగ్రహాశ్రమం ఇదే కోవకు చెందినది. ఇవి ఎంపిక చేసిన కార్యకర్తల చిన్న వసతులు గనుక రామనగరం కన్నా ఎక్కువ కాలం మనగలిగాయి, అదే కారణాన ఊరి బతుకును నేరుగా తాకలేకపోయాయి.

పూర్తిగా భిన్నమైన మరో ప్రయోగం గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించి 1947లో విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం. ఒకే ఆవరణలో కలిసి బతుకుతూ, కులాంతర వివాహాలు, సహపంక్తి భోజనాలు, అంటరానితనం నిర్మూలన ఆచరణలో పెట్టిన ఈ కేంద్రం, కులం విషయంలో రామనగరం ఆగిన చోటు నుంచి చాలా ముందుకు వెళ్లింది. తెలంగాణలో 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమివ్వడంతో మొదలైన వినోబా భావే భూదానోద్యమం, తరువాత గ్రామదానమై, ఊరి భూమి అంతా ఊరిదే కావాలన్న ఆదర్శం దాకా సాగింది. ఉమ్మడి ఆస్తి అన్న సోషలిస్టు ఆలోచనకు గాంధేయ మార్గంలో అది దగ్గరి రూపం.

అంచనా

రామనగరాన్ని వైఫల్యంగా చెప్పే చరిత్రకారులు దాని గడువును, పన్నులు చివరికి కట్టవలసి రావడాన్ని చూపుతారు. ఆ లెక్కన న్యూహార్మనీ కూడా వైఫల్యమే, అదీ ఒక సంపన్నుడి ఆస్తి, 20,000 ఎకరాల భూమి, సిద్ధంగా ఉన్న ఇళ్లు చేతిలో ఉండగా. రామనగరానికి ఈ మూడూ లేవు. న్యూహార్మనీ లోపలి కలహాలతో విచ్ఛిన్నమైంది. రామనగరంలో వేల మంది ఇరుకు పాకల్లో నెలల తరబడి ఉన్నా ఉద్యమం హింసకు దిగలేదు, ఊరు చీలలేదు. దాన్ని కూల్చినవి ఖాళీ ఖజానా, నాయకుల జైలు, దేశవ్యాప్త ఉద్యమం ఆగిపోవడం. జీవనోపాధికి ముందుగా ఏర్పాటు చేసుకోకపోవడం, సమస్తాన్నీ ఒక్క మనిషి వాక్చాతుర్యం మీద నిలపడం మాత్రం నాయకత్వపు లోపాలుగా ఒప్పుకోవలసినవే. గాంధీ ఏప్రిల్ 6ననే చేసిన హెచ్చరికలో ఈ రెండింటిలో మొదటిది ఉంది.

పాఠ్యపుస్తకాల్లో చీరాల–పేరాల ఘటనకు దక్కేది సహాయ నిరాకరణ అధ్యాయంలో ఒక పేరా, అందులోనూ నాయకుడి బిరుదుకు, గాంధీ రాకకు చోటు పోగా మిగిలేది తక్కువ. మగ్గాలను ఇసుకలోకి మోసుకుపోయిన నేత కుటుంబాలు, పంచాయతీలో కూర్చున్న కులపెద్దలు, రాత్రుళ్లు కాపలా కాసిన రామదండు కుర్రవాళ్లు ఆ నగరానికి నిజమైన నిర్మాతలు; రామనగరాన్ని పన్నుల పోరాటంగా మాత్రమే కాక, జనం తమకు తాము కట్టుకొని నడుపుకొన్న ఊరుగా కూడా తెలుగు చరిత్ర గ్రంథాలు నమోదు చేయవలసి ఉంది.